అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే మెడికల్ లైబ్రేరియన్ ఎందుకు?

ఈరోజు మన టాపిక్ మెడికల్ లైబ్రేరియన్. "ఫోన్‌లో కొడితే అన్నీ వచ్చేస్తున్నాయి కదా, ఇంకా లైబ్రేరియన్ ఎందుకండీ?" అంటారా? ముందు నిజంగా జరిగిన ఒక విషయం చెప్తాను.

2001. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఆస్తమా మీద రీసెర్చ్ జరుగుతోంది. ఏ జబ్బూ లేని 24 ఏళ్ల అమ్మాయి వాలంటీర్‌గా వచ్చి హెక్సామెథోనియం అనే మందు పీల్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిని, నెల తిరక్కుండానే చనిపోయింది.

మరి ఆ డాక్టర్ ముందే వెతకలేదా? వెతికారు, పబ్‌మెడ్‌లోనే. కానీ అప్పట్లో అందులో 1966 నుంచి వచ్చిన పేపర్లే ఉండేవి. ఈ మందుకీ ఊపిరితిత్తుల సమస్యకీ సంబంధం ఉందని చెప్పిన పేపర్లు 1950లలోనే వచ్చేశాయి. స్క్రీన్ మీద కనపడలేదంటే అసలు లేదని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ వెతుకులాట తిప్పలు పాతవే. జాన్ షా బిల్లింగ్స్ అనే ఆయన 1860లో మెడికల్ స్టూడెంట్. మూర్ఛ వ్యాధికి చేసే సర్జరీ మీద థీసిస్ రాయడానికి లైబ్రరీలన్నీ గాలించాల్సి వచ్చింది. తర్వాత ఆర్మీ డాక్టరై, వాషింగ్టన్‌లో ఆర్మీ వైద్య లైబ్రరీని పెంచి పెద్దది చేశారు. 1879లో ఇండెక్స్ మెడికస్ మొదలుపెట్టారు. కొత్తగా వచ్చిన వైద్య పుస్తకాలు, వ్యాసాలు ఏ సబ్జెక్టు మీద ఏమున్నాయో చూపించే లిస్టు అది. ఆ లైబ్రరీయే ఇప్పటి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. 1997 నుంచి పబ్‌మెడ్‌ని ప్రపంచమంతటికీ ఫ్రీగా ఇస్తున్నదీ వాళ్లే.

ఇందులో లైబ్రేరియన్ పనేంటి? ఒకరు హార్ట్ ఎటాక్ అని రాస్తారు, ఇంకొకరు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని రాస్తారు. రెండూ ఒకటే. అలాంటివన్నీ ఒకే పేరు కింద దొరికేలా 1960లో మెష్ అనే పదాల పట్టిక తెచ్చారు. కానీ పట్టిక ఉంటే చాలదు. "ఏం దొరికింది?" అని మనం అడుగుతాం. మంచి లైబ్రేరియన్ "ఇంకా ఎక్కడ వెతకలేదు?" అని కూడా అడుగుతారు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. అది ఒక్కోసారి అసలు లేని పేపర్లని కూడా ఉన్నట్టే చెప్పేస్తుంది. అంటే చెక్ చేసే మనిషి అవసరం తగ్గలేదు, పెరిగింది.

అందుకే ఈసారి ఏఐ ఏదైనా మెడికల్ పేపర్ పేరు చెప్తే, దాన్ని పబ్‌మెడ్‌లో కొట్టి చూడండి. దొరికితే కనీసం సారాంశం చదవండి. మందు విషయంలో నిర్ణయం మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

ఇంట్లో ఎవరైనా ఫార్వర్డ్ మెసేజ్ చూసి మందులు మార్చేస్తుంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం.