పాత పాటకు కొత్త ప్రతి

నెల్లూరికి ఉత్తరాన, రైలుమార్గం మీద కొడవలూరు ఉన్నది. ఆ ఊరి శ్రోత ఒకరు కొంతకాలం క్రిందట నన్ను ఒక ప్రశ్న అడిగినారు. వారి తండ్రిగారు కొని దాచిన గ్రామఫోను రికార్డులు రెండు చెక్కపెట్టెల నిండా ఉన్నవి. వాటిలోని పాటలు చాలావరకు ఇప్పుడు సి.డి.ల మీద దొరుకుతున్నవి; కొన్ని మరల కొత్త రికార్డులుగా కూడ వెలువడినవి. శబ్దాన్ని శుద్ధిచేసి, మూలప్రతిని మరల సిద్ధపరచి, విడుదల చేసినట్లు వాటి అట్టలమీద అచ్చువేస్తున్నారు. దీనినే రీమాస్టరింగు అంటున్నారు. "ఇక ఈ పాతవాటిని పాత సామానులవానికి ఇచ్చివేయవచ్చునా, ఉంచుకొనవలెనా?" అన్నది వారి ప్రశ్న. ఇల్లు చిన్నది, పెట్టెలు పెద్దవి. కనుక ఇది వాదం కోసం వేసిన ప్రశ్న కాదు.

సి.డి. నిర్మలమని ఒక పక్షం, రికార్డులోని నాదానికి జీవం ఎక్కువని మరొక పక్షం ఎప్పుడూ వాదించుకొంటూనే ఉన్నవి. ఇరుపక్షాలవారూ పాత్రను చూచి మాట్లాడుతున్నారు. అందులో పోసిన పాలు ఏ పాడివో, ఎవరు కాచినారో అడిగేవారు తక్కువ.

ముందు పాత్ర సంగతే చూతము. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్.పి. రికార్డు నిమిషానికి ముప్పదిమూడుంబాతిక చుట్లకు కొంచెం పైగా, అనగా 33⅓ చుట్లు తిరుగుతుంది. వెలుపలి అంచు దగ్గర గాడి సూదిక్రింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగుతుంది. లోపలి చివరకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు దిగిపోతుంది. అక్కడ సూక్ష్మధ్వనులు ఇరుకున పడతాయి. స, శ, ష అనే అక్షరాలు చీలినట్లు వినిపిస్తాయి. సినిమా పాటలో ఇది అంతగా తెలియకపోవచ్చును. ఊష్మాలు, విసర్గలు నిండిన సంస్కృత శ్లోకాలు వినేటప్పుడు మాత్రం ఒక్కొక్క వైపు చివరి శ్లోకం ఎందుకు గరగరలాడుతున్నదో దీనివలన బోధపడుతుంది.

1982లో జపానులో విపణికి వచ్చిన సి.డి. శబ్దాన్ని సెకనుకు 44,100 మార్లు కొలిచి అంకెలుగా వ్రాసుకొంటుంది. మనిషి చెవి వినగల 20,000 హెర్ట్జుల వరకు అందులో ఇముడుతుంది. మిక్కిలి మెల్లని ధ్వనికీ మిక్కిలి గట్టిధ్వనికీ నడుమ దానిలో సుమారు 96 డెసిబెల్సుల ఎడం ఉన్నది. ఎంత మంచి ఎల్.పి. అయినా దీనిని అందుకోలేదు. సి.డి.లో మొదటి పాటకు, చివరి పాటకు నాణ్యతలో భేదం లేదు. సూది రాపిడి లేదు గనుక అరుగుదల లేదు. ఇంతవరకు లెక్క అంతా సి.డి. వైపే ఉన్నది.

చిక్కు అంతా పాటను పాత్రలో పోసే చోట వస్తున్నది.

మన పాత సినిమా పాటలు 1960ల నడుమ వరకు కూడ 78 చుట్ల లక్క రికార్డుల మీదనే ఇండ్లకు చేరినవి. వైపునకు మూడు నిమిషాలకు కొంచెం పైన పట్టే రికార్డులవి. మూలటేపు చెడిపోయినా, దొరకకపోయినా, ఎవరో వాడిన రికార్డు నుండియే కొత్త ప్రతి తీయవలసి వస్తుంది. అప్పుడు ఏ వేగంతో తిప్పవలెను? 78 అని పేరే గాని, తొలిరోజులలో అన్ని సంస్థలూ ఒకే వేగాన్ని పాటించలేదు. 76 చుట్లతో చెక్కినదానిని 78 చుట్లతో తిప్పితే శ్రుతి దాదాపు సగం స్వరస్థానం పైకి పోతుంది. మూడు నిమిషాల పాట అయిదు సెకన్ల ముందే ముగుస్తుంది. టేపు నడకలో తేడా వచ్చినా ఇంతే. గాయకుని గొంతు పలుచబడి కుర్రతనం వచ్చినట్లు తోస్తుంది. వినేవారు అది శుద్ధి వలన వచ్చిన తేటదనమని సంతోషిస్తారు! మన సంగీతంలో శ్రుతిని తల్లి అంటారు. ఆ తల్లిని అటూ ఇటూ జరిపి, చిటపటలు పోగొట్టినామని చెప్పుకొనటం నాకు రుచించదు.

రెండవది ఆ చిటపటల సంగతి. గీతలవలన వచ్చే చప్పుడు క్షణికమైనది; దానిని గణనయంత్రం నేర్పుగా తీసివేయగలదు. అడుగున నిరంతరం వినిపించే 'హుస్' మను ధ్వని అట్టిది కాదు. అది ఉన్న ఎత్తులలోనే తంబురా జీవాళి ఉన్నది, గాయకుడు పల్లవికి ముందు తీసుకొనే ఊపిరి ఉన్నది. మితం తప్పి దానిని తుడిచినప్పుడు ఇవి కూడ తుడుచుకొనిపోతాయి. మిగిలిన గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్లు ఉంటుంది.

మూడవది, బిగ్గరతనం. 1990ల నుండి లోకమంతటా సి.డి.లను గట్టిగా వినిపించేటట్లు తయారుచేసే పోటీ బయలుదేరినది. మెల్లని భాగాలను పైకి లేపి, గట్టి భాగాలను పైకప్పుకు అదిమివేస్తారు. 2008లో వెలువడిన మెటాలికా బృందంవారి ఆల్బం ఒకటి ఈ కారణం చేతనే శ్రోతల నిరసనకు గురియైనది. 96 డెసిబెల్సుల చోటు ఉన్నా, దానిలో కొద్దిపాటినే వాడుకొనటం విచిత్రం.

అట్లని కొత్త రికార్డు అంటే చాలు, నాదం పాతదే అనుకొనరాదు. నేటి వినైలు రికార్డులు అనేకం సి.డి.కి సిద్ధపరచిన అంకెల ప్రతి నుండియే చెక్కబడుతున్నవి. ఆద్యంతం టేపు నుండి నడిచినవని రసికులు నమ్మిన మొబైల్ ఫిడిలిటీ సంస్థ రికార్డులలో సైతం నడుమ అంకెల మెట్టు ఒకటి ఉన్నట్లు 2022లో బయటపడినది. అంతకుముందు వాటి నాదాన్ని మెచ్చుకొన్న చెవులు ఆ భేదాన్ని కనిపెట్టలేదన్నది గమనించదగినది. ఇక 180 గ్రాముల బరువు రికార్డు అన్న ప్రకటన తూకానికే గాని పాటకు సంబంధించినది కాదు.

1957 నాటి 'మాయాబజార్' చిత్రాన్ని 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడ డి.టి.ఎస్. పద్ధతికి మార్చినారు. ఒకే మార్గంలో ముద్రితమైన శబ్దాన్ని పలుమార్గాలకు పంచటం ఒక కొత్త రచన. అది వినసొంపుగా ఉండవచ్చును. పాత ప్రతికి బదులు కాజాలదు.

ఇంతగా తలపోసిన పిమ్మట, ఒకనాడు కొడవలూరు పోయి ఆ పెట్టెలు విప్పించినాను. పోల్చి వినటానికి రెండు నియమాలు పెట్టుకొన్నాము. రెండు ప్రతులూ ఒకే బిగ్గరతనంతో మ్రోగవలెను. కొంచెం గట్టిగా వినిపించినదే చెవికి మేలుగా తోచటం సహజం. ఏది మ్రోగుతున్నదో వినేవారికి తెలియరాదు. మార్చే పని ఇంటి ఇల్లాలు తెర వెనుక చేసినారు. టర్న్‌టేబిలు అంచు చుక్కలు దీపపు వెలుగులో కదలక నిలిచేటట్లు వేగం సరిచూచినాము. లక్క రికార్డుల గాడి వెడల్పు గనుక వాటికి వేరే సూది బిగించినాము.

ఘంటసాల 1974 ఫిబ్రవరిలో గతించుటకు కొద్దికాలం ముందు పాడిన భగవద్గీత రికార్డును ఆ ఇంట ఏండ్ల తరబడి ప్రతి ఉదయం వేసినారట. అది అరిగి ఉన్నది. సి.డి.లో శ్లోకానికీ తాత్పర్యానికీ నడిమి నిశ్శబ్దం నిర్మలంగా ఉన్నది. ఇద్దరమూ సందేహం లేకుండ దానినే ఎన్నుకొన్నాము. ఇటీవల మరల అచ్చొత్తిన ఒక సినిమా రికార్డునూ దాని సి.డి.నీ పోల్చినప్పుడు నేను మూడుమార్లలో రెండుమార్లు పొరపడినాను. ఇరువది ఏండ్లకు పైగా స్టూడియోలో పనిచేసిన చెవి ఇది!

తరువాత ఒక లక్క రికార్డు వేసినాము. పాత పాటల సంకలనంగా వచ్చిన ఒక సి.డి.లోనూ అదే పాట ఉన్నది. శ్రుతిపెట్టె ఎదుట పెట్టుకొని విన్నాము. రికార్డు శ్రుతిలో కలిసినది, సి.డి. పైకి జరిగి ఉన్నది. రికార్డులో చిటపటలు దండిగా ఉన్నవి. వాటి వెనుక చరణానికి ముందు తీసిన ఊపిరి కూడ ఉన్నది. సి.డి.లో చిటపటలు లేవు, ఊపిరి లేదు. ఆ పెద్దమనిషి ఏమీ అనలేదు. లేచి రికార్డును మరల మొదటినుండి వేసినారు.

చివరకు అరిగిన ఎల్.పి.లు కొన్ని పోయినవి. లక్క రికార్డులన్నీ నిలిచినవి. సముద్రపు గాలి తగిలే ఊరు గనుక బూజు పట్టకుండ లోపలి గదిలో, ఎండ పడనిచోట, ఒకదానిమీద ఒకటి పేర్చక నిలువుగా ఉంచవలెనని చెప్పి వచ్చినాను. మరొక మాట కూడ చెప్పినాను: వినైలును తుడిచినట్లు లక్క రికార్డును స్పిరిటుతో తుడవరాదు. స్పిరిటులో లక్క కరుగుతుంది.