పాత కథాపత్రికల సంగ్రహము



నేటి ప్రసంగవిషయము మీ యింటి అటుకమీదనే యున్నది. రేకుపెట్టెలోనో, పాత పంచాంగముల క్రిందనో, పిల్లలు చదివి విడిచిన ‘చందమామ’ సంచికలును, బొమ్మల కథల పుస్తకములును, అట్టలూడిన డిటెక్టివు నవలలును కొన్నియైనను మిగిలియుండవచ్చును. పండుగకు ఇల్లు దులుపునపుడు ఇవి తూకమునకు పోవును. లేదా అంగడిలో పొట్లములగును. అట్లు పోకమునుపే వానిని ఒకసారి యేల చూడవలయునో, సంగ్రహించువారు వానియందు ఏమి పరిశీలింతురో, ఎట్లు దాచవలయునో చెప్పుట నా యుద్దేశము.

కావ్యశాస్త్రములకు చేయు మర్యాద ఈ చిల్లర పుస్తకములకు చేయవలయునా యని కొందరు అడుగుదురు. పంచకావ్యములు చదివి, నాలుగు దశాబ్దములు పాఠము చెప్పిన నాకును ఆ ప్రశ్న క్రొత్తది కాదు. మన వాఙ్మయచరిత్రయే దానికి సమాధానము చెప్పుచున్నది. వేమన పద్యములు జనుల నోళ్లలో ఆడుచుండినను, పండితులు చిరకాలము వానిని కావ్యముగా ఎంచలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వ్రాతప్రతులను తెప్పించి, పాఠములను సరిపోల్చి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. నాడు చులకనయైనది నేడు ప్రతి పాఠశాలయందును పాఠ్యము. అందరి చేతిలోను ఉన్నదానిని ఎవరును దాచరు. అందుచేత అదియే ముందుగా నశించును. లోకమున విలువైన గ్రంథమునకు పెట్టెయు తాళమును దొరకును. చౌకగ్రంథమునకు అదృష్టమే దిక్కు.

బొమ్మల కథ మనకు పరదేశపు సరకనియు తలపరాదు. 2016లో సిద్దిపేట జిల్లా యేర్పడినప్పుడు మనలో చేరిన చేర్యాల, నకాషీ పటములకు ప్రసిద్ధమైన ఊరు. ఎఱ్ఱని నేలపై గదులు గదులుగా గీసిన చిత్రములను పైనుండి క్రిందికి విప్పుచు, పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, రజకులకు మడేలు పురాణమును కథకులు వినిపించుచుండిరి. కామిక్సు పుస్తకమున జరుగునదియు ఇదియే: గది వెంట గదిగా బొమ్మలు, వానితో మాటలు. పటము జీర్ణమైనచో దానిని పూజించి నీటిలో కలుపుట ఆచారము. ఆ భక్తి మెచ్చదగినది; కాని దానివలన ప్రాచీన పటములు మిక్కిలి అరుదయ్యెను. కాగితపు కథలకు అట్టి పూజయైనను లేదు. అవి కేవలము చిత్తుకాగితములుగా పోవుచున్నవి.

ఇతరదేశముల సంగతి కొంచెము వినుడు. అమెరికాలో 1896లో ‘ఆర్గసీ’ అను పత్రిక, కొయ్యగుజ్జుతో చేసిన ముతకకాగితముపై కేవలము కథలనే అచ్చు వేయ నారంభించెను. గుజ్జును వారి భాషలో ‘పల్ప్’ అందురు. కావున అట్టి పత్రికలన్నిటికిని ‘పల్పులు’ అను పేరు నిలిచెను. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల పత్రిక మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ అను వీరుడు జనించెను. దాని వెల 10 సెంట్లు. అందలి ఒక ప్రతి 2024లో 60 లక్షల డాలర్లకు వేలమున అమ్ముడుపోయెను. ఇంత వెల యేల? పిల్లలు చదివి చింపిరి, తల్లులు పారవైచిరి, రెండవ ప్రపంచయుద్ధమున కాగితపు కరవు వచ్చి, ఊరూర పాత కాగితములు పోగుచేసి కరగించిరి. లక్షలుగా అచ్చయిన వస్తువు పదులకు వచ్చెను. మన యిండ్లలోని సంచికలకు ఇట్టి వెల వచ్చునని ఆశపడవలదు. సమృద్ధి యెట్లు కొఱతగా మారునో తెలియుటకే ఈ యుదాహరణము.

ఇక మన తెలుగునకు వత్తము. ‘రేడియో అన్నయ్య’, ‘అక్కయ్య’ అని పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మదరాసునుండి ‘బాల’ పత్రికను వెలువరించిరి. ముళ్లపూడి వేంకటరమణ, బాపు చిన్నవారుగా నుండగనే వారి పనితనము ఆ పత్రికలో కానవచ్చెను. 1947 జులై మాసమున, అనగా స్వాతంత్ర్యమునకు ఒక నెల ముందు, నాగిరెడ్డి, చక్రపాణి గారలు ‘చందమామ’ను తెలుగునను అరవమునను ఆరంభించిరి. పిమ్మట అది పదికి మించిన భాషలలో వెలసెను. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో దివంగతులగు వఱకు దాని నడపిరి. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ మొదలగువారు బొమ్మలు గీసిరి. విక్రమార్కుడు శవమును భుజమున వైచికొని కత్తి చేబూని నడచు బొమ్మ శంకర్‌గారిది; ఆయన 1924లో జన్మించి 2020లో కీర్తిశేషులైరి. ఆ పత్రిక 2012–13 ప్రాంతమున ఆగిపోయెను. క్రొత్త సంచిక రాదు గనుక, మిగిలిన పాత సంచికలే ఇక మనకు గల సంపద.

ఈ పత్రికలను వరుసగా కూర్చుటలో ఒక విశేషము గలదు. సంస్కృతమున బేతాళకథలు ఇరువదియైదే. ‘చందమామ’ రచయితలు ఆ చట్రమును గైకొని, దశాబ్దములతరబడి నెలనెలకు క్రొత్త ప్రశ్నలు కల్పించుచు పోయిరి. అవన్నియు ఒక్కచోట చూడవలయునన్న పూర్తి వరుస కావలయును. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ మున్నగు ధారావాహికలు పిల్లలను నెలపొడుగున నిరీక్షింపజేసినవి. వానిపై రచయిత పేరు లేదు. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారని లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టెను. 2010లో ఆయన మరణించిన పిమ్మట అభిమానులు ఆ కథలను గ్రంథములుగా వెలయించిరి. పాత సంచికలు నిలిచియుండుటచేతనే అట్టి కార్యము సాధ్యమగును. నడుమ ఒక్క నెల సంచిక లేకున్నను కథ తెగును.

పెద్దల పఠనమునకు వచ్చిన చౌకనవలల గతి ఇంకను కష్టము. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు (1912–1975) వేయి నవలలు వ్రాసిరని ప్రసిద్ధి. అవి రైలుస్టేషనులలో వేడి పల్లీలవలె చెల్లినవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్, పిమ్మట మధుబాబుగారి షాడో ఊరూరను అద్దెపుస్తకముల అంగళ్లలో చేతులు మారిరి. పండితులు వీనిని సాహిత్యమున లెక్కింపలేదు. కావున గ్రంథాలయములకంటె అద్దె అంగళ్లే వీనికి ఆశ్రయమయ్యెను. ఆ అంగళ్లు మూతపడగా పుస్తకములును చెదరిపోయెను. బొమ్మల కథలలో 1964లో వచ్చిన ‘ఇంద్రజాల్ కామిక్స్’, 1967లో అనంత పాయిగారు ఆరంభించిన ‘అమర చిత్రకథ’ ముఖ్యములు. ‘అమర చిత్రకథ’లో శ్రీకృష్ణుని కథ సంఖ్య 11. మొదటి పది సంఖ్యలు కన్నడమున వెలువడిన విదేశీయ కథలు. ఇది తెలియనివారు లేని పుస్తకములకై వెదకుచుందురు.

అట్ట పోయిన సంచిక ఏ నాటిదో కనుగొను ఉపాయములు కొన్ని గలవు. మొదట వెల చూడుడు. కేవలము అణాలలో నున్నచో ప్రాయికముగా 1957 ఏప్రిలునకు పూర్వపుది; ‘నయాపైసలు’ అని యున్నచో 1957–1964 నడిమిది. తరువాత చివరి పుటలోని చిరునామా చూడుడు. ‘మదరాసు–26’ అని చిన్న సంఖ్య యున్నచో అది 1972కు పూర్వపుది కావచ్చును. ఆరంకెల పిన్‌కోడు యున్నచో 1972 ఆగస్టు 15 తరువాతిది. ‘చెన్నై’ అని యున్నచో 1996 తరువాతిది. ప్రకటనలలో నూతన చలనచిత్రము పేరున్నచో సంవత్సరము ఇంకను దగ్గఱగా తెలియును. ఈ పరీక్షలు చేయుటకు మీ మనుమలను తోడు కూర్చుండబెట్టుకొనుడు. వారికి అది చరిత్రపాఠము.

సంగ్రహించువారు కోరునవి మూడు: అట్ట, పుటలన్నియు, వరుస. బైండు చేయించిన సంపుటము చూచుటకు అందముగా నుండును. కాని కూర్పరి అట్టలను, ప్రకటనలను తీసివేసి, అంచులు కోసియుండును. నాటి సబ్బు, నాటి పలుపొడి, నాటి గడియారము ఏ వెలకు అమ్మిరో చెప్పు పుటలు ఆ ప్రకటనలే. కావున ఇంటిలోని విడి సంచికలను క్రొత్తగా బైండు చేయింపకుండుటయే మేలు.

ఇక దాచు విధము. ముతకకాగితములో లిగ్నిన్ అను కొయ్యపదార్థము నిలిచియుండును. వెలుతురు, గాలి తగిలినకొలది అది పసుపువన్నెకు తిరుగును. కాగితములో పుట్టు ఆమ్లము నారలను తెగగొట్టును. పుట అప్పడమువలె విఱుగును. తాళపత్రమునకు నూనె పూయుట మన పెద్దల పద్ధతి. కాగితమునకు నూనె తగులనే కూడదు. ఎండలో ఆరవేయక, వానకాలము గడచిన పిమ్మట నీడలో గాలికి విప్పుడు. త్రుప్పుపట్టిన పిన్నులను మెల్లగా తీసి, నూలుదారముతో వదులుగా కట్టుడు. జిగురుపట్టీలు అంటింపరాదు, అవి కొన్నియేండ్లకు గోధుమరంగు మచ్చలగును. చినిగిన ముక్కను ఆ పుట నడుమనే యుంచుడు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, సంచికలను పడుకొనబెట్టి, రేకుపెట్టెలో ఉంచుడు. పెట్టెను నేలమీద గాక ఇటుకలమీద, గోడకు జేనెడు దూరమున నిలుపుడు; చెదలు, తేమ రెండును తప్పును. ఎండిన వేపాకు గుడ్డ వెలుపల నుండవలెను. పుటల నడుమ ఉంచినచో మఱక పడును.

తుదకు ముఖ్యమైన మాట. పుట మూల ఒక బాలుడు వ్రాసికొన్న పేరు, చందాదారుని చిరునామా చీటి, అద్దె అంగడి ముద్ర, వీనిని చెఱుపవలదు. నిజాము రాజ్యమున ఉర్దూ పాఠశాలాభాషగా నున్న కాలమున, మన ప్రాంతమున తెలుగు చదువు ఎక్కువగా ఇండ్లలోను గ్రంథాలయములలోను నిలిచెను. తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించిరి. సంగ్రహమే సమాధానమయ్యెను. కవులకు కవితలు సాక్ష్యము. చదువరులకు వారు చదివిన పుస్తకములే సాక్ష్యము. మన పల్లెలో ఫలానా యేట ఫలానా యింటికి పత్రిక వచ్చెననుటకు ఆ చిరునామా చీటి తప్ప వేఱు శాసనము లేదు.

కావున మీరు చేయవలసినది స్వల్పము. పెట్టె దింపి, పత్రిక పేరు, నెల, సంవత్సరము ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. ఇరుగుపొరుగు పెద్దలును అట్లే చేసినచో, ఒకరి కొఱత మఱియొకరి యింట తీరును. ఉంచుకొనలేనివారు తూకమునకు వేయక, చదువరులు వచ్చు గ్రంథాలయమున కొసగుడు. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను కాపాడుటచేతనే దూరదేశపు పరిశోధకులును ఆ గ్రామమునకు పోవుచుందురు. గ్రామమునకు పట్నము వచ్చుట యన్న ఇదియే. మన గ్రామములకును అట్టి భాగ్యము కలుగుగాక!