నంబర్ కొనుక్కోవచ్చు, ప్లేట్ మాత్రం మన ఇష్టం కాదు

కొత్త బండి ఇంటికి రాగానే చాలామంది వెళ్లేది రేడియం షాపుకే. "భాయ్, ముందు సున్నా తీసేసి 786 పెద్దగా వెయ్." "నంబర్ కింద పాప పేరు రావాలి." "అక్షరాలు కాస్త స్టైల్‌గా ఉండాలి." హైదరాబాద్‌లో ఏ రేడియం షాపు ముందు కాసేపు నిలబడినా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. కొద్ది డబ్బుతో అరగంటలో పని అయిపోతుంది. ఆ ప్లేట్ రోడ్డు మీద చెల్లుతుందా అని అక్కడ అడిగేవాళ్లు తక్కువ. ట్రాఫిక్ పోలీసు బండి పక్కకు పెట్టమన్నప్పుడే ఆ అనుమానం మొదలవుతుంది.

మన దేశంలో ఇష్టమైన నంబర్‌ను డబ్బు కట్టి, చట్టప్రకారం తెచ్చుకోవచ్చు. ఆ నంబర్ ఉండే ప్లేట్‌ను మాత్రం మనకు నచ్చినట్టు చేయించుకునే వీల్లేదు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్లే ఫ్యాన్సీ నంబర్‌కు వేలు పోసినవాళ్లు కూడా చివరికి తప్పుడు ప్లేట్‌తో తిరుగుతున్నారు.

ముందు నంబర్ సంగతి చూద్దాం. తెలంగాణలో ఫ్యాన్సీ నంబర్ల కేటాయింపు ఆన్‌లైన్‌లో జరుగుతుంది. బండి తాత్కాలిక రిజిస్ట్రేషన్ వివరాలతో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబర్ ఎంచుకుని, దానికి నిర్ణయించిన కనీస ఫీజు కట్టాలి. ఆ నంబర్‌కు మరెవరూ పోటీకి రాకపోతే ఆ ఫీజుకే వస్తుంది. ఇద్దరు ముగ్గురు అడిగితే బిడ్డింగ్ ఉంటుంది, ఎవరు ఎక్కువ కోట్ చేస్తే వారిదే. గెలిచాక గడువులోపు రిజిస్ట్రేషన్ పూర్తి చేయకపోతే నంబరూ పోతుంది, కట్టిన డబ్బూ పోవచ్చు. కాబట్టి బండి చేతికి వచ్చే తేదీ ఖాయం కాకుండా తొందరపడొద్దు.

పోటీ ఎంతవరకు వెళ్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2024 మేలో ఖైరతాబాద్ ఆఫీసు పరిధిలోని టీజీ 09 9999 నంబర్ 25 లక్షల 50 వేల రూపాయలు దాటింది. ఇది బండి ధరకు, లైఫ్ ట్యాక్స్‌కు అదనంగా కట్టే సొమ్ము. అంతా ప్రభుత్వ ఖజానాకే పోతుంది.

దీన్ని పెట్టుబడి అనుకునేవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో ఉండి వచ్చినవారి మాటల్లో ఈ ఆలోచన ఎక్కువగా కనిపిస్తుంది. కారణం ఉంది. దుబాయ్‌లో నంబర్ ప్లేట్ అంటే ఆస్తి లాంటిదే, యజమాని దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో అక్కడ ఒక ఛారిటీ వేలంలో పీ 7 అనే ప్లేట్ 5 కోట్ల 50 లక్షల దిర్హమ్‌లకు పోయింది. మన దగ్గర నంబర్‌ను బండికి కడతారు. బంగారంలా విడిగా బజారులో పెట్టి అమ్ముకునే పద్ధతి లేదు. నంబర్ మీద పెట్టింది సరదా ఖర్చు కింద రాసుకోవాలి, లాభం లెక్కలో కాదు.

ఇక 786 విషయం. ఈ నంబర్ కోసం ఆరాటపడే కుటుంబాలు మన మధ్య ఎన్నో. దాన్ని దరఖాస్తు పెట్టి తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆర్సీలో అది 0786 అని ఉంటుంది. ప్లేట్ మీద కూడా ఆ సున్నాతో కలిపే ఉండాలి. సున్నా తీసేసి మిగతా మూడు అంకెలు పెద్దవి చేస్తే ఆర్సీకి, ప్లేట్‌కు పొంతన పోతుంది. 8055ను ఇంగ్లిష్‌లో 'బాస్' అని చదివేలా గీయించుకునే కుర్రాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నంబర్ అసలైనదే, రాత మాత్రం చెల్లదు.

ప్లేట్ ఎలా ఉండాలో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989 లోని 50, 51 రూల్స్ చెబుతాయి. హై సెక్యూరిటీ ప్లేట్ నిబంధన 2001 లోనే వచ్చింది. కోర్టు కేసులు, టెండర్ల గొడవలతో ఏళ్లు గడిచాయి. చివరికి 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే బండ్లకు కంపెనీయే ఆ ప్లేట్ ఇవ్వాలని కేంద్రం తేల్చింది. 1 మిల్లీమీటర్ మందం అల్యూమినియం రేకు, దాని మీద ఉబ్బెత్తుగా కనిపించే అక్షరాలు, ఎడమ వైపు పైన అశోక చక్రంతో హోలోగ్రామ్, దాని దిగువన నీలి రంగులో ఇండియా పేరులోని మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఇంకా కింద లేజర్‌తో చెక్కిన కోడ్ ఉంటాయి. ప్లేట్‌ను బండికి బిగించేది మామూలు స్క్రూ కాదు, ఒకసారి వేస్తే విరగ్గొడితే తప్ప రాని స్నాప్ లాక్. కార్లకైతే ముందు అద్దం మీద మూడో ప్లేట్‌గా ఒక స్టిక్కర్ కూడా ఉంటుంది. పెట్రోల్, సీఎన్‌జీకి లేత నీలం, డీజిల్‌కు నారింజ.

రూల్‌లో ఒక మాట మన పాఠకులకు తమాషాగా అనిపించవచ్చు. అక్షరాలు ఇంగ్లిష్‌లో, అంకెలు 'అరబిక్ న్యూమరల్స్'లో ఉండాలని అందులో రాశారు. అంటే ఉర్దూ పత్రికల్లో కనిపించే అంకెలు అని అర్థం కాదు. రోజూ రాసుకునే 1, 2, 3 నే ఆ పేరుతో పిలుస్తారు. కాబట్టి ఉర్దూలో గానీ తెలుగులో గానీ నంబర్ రాయించుకుంటే చెల్లదు.

సైజులూ లెక్క ప్రకారమే ఉండాలి. కార్ల ప్లేట్ మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఖాళీ 10. రంగులు అందరికీ తెలిసినవే. సొంత బండికి తెలుపు మీద నలుపు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు, ఎలక్ట్రిక్ బండికి ఆకుపచ్చ ప్లేట్. చంద్రవంక, దేవుడి బొమ్మ, కులం పేరు, పార్టీ జెండా, 'ప్రెస్', 'పోలీస్' వంటి రాతలు... ఇవేవీ ప్లేట్ మీద ఉండకూడదు. ఏ మతం వారైనా, ఏ ఉద్యోగం వారైనా ఇందులో మినహాయింపు లేదు.

టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు కూడా గందరగోళం జరిగింది. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వచ్చింది. పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి. అయినా కొందరు అభిమానంతో 'ఎస్' మీద 'జీ' స్టిక్కర్ వేసుకున్నారు. ఆర్సీలో టీఎస్ ఉండి ప్లేట్ మీద టీజీ ఉంటే అది తప్పుడు నంబర్ కిందే లెక్క.

ఇంత పట్టింపు ఎందుకని విసుక్కోవచ్చు. నంబర్ సరిగా కనిపించకపోతే దెబ్బ తగిలేది ఎవరికో చూడాలి. రోడ్డు మీద గుద్దిన బండి నంబర్ తెలిస్తే, బాధితుడి కుటుంబం ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ మనిషి వయసు, సంపాదన లెక్కన బీమా కంపెనీ నుంచి పరిహారం అడగొచ్చు. బండి ఏదో తెలియకపోతే అది 'హిట్ అండ్ రన్' కింద పోతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు, అంతే. పాతికేళ్లు సంపాదించాల్సిన మనిషి పోయిన ఇంటికి 2 లక్షలు ఎన్నాళ్లు వస్తాయి? చదవడానికి వీల్లేని ఒక స్టైల్ ప్లేట్ ఆ కుటుంబం నుంచి లాక్కునేది ఈ తేడానే.

రెండో దెబ్బ చలాన్ల రూపంలో ఉంటుంది. ఒక అంకె చెరిపిన ప్లేట్, 3 ను 8 లా దిద్దిన ప్లేట్ కెమెరాకు చిక్కితే చలాన్ ఇంకెవరికో వెళ్తుంది. ఆ బండి పేరు మీద ఉన్న మనిషి ఆ రోజు ఇల్లు కదిలి ఉండకపోవచ్చు. అందుకే మార్చిన ప్లేట్‌ను పోలీసులు జరిమానాతో వదలరు. హైదరాబాద్‌లో ఇలాంటి వారిపై ఐపీసీ 420 కింద మోసం కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. 2024 జూలై నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కింద ఉంది. ఉద్యోగానికో పాస్‌పోర్టుకో పోలీస్ వెరిఫికేషన్ ఎదురుచూసే కుర్రాడికి ఈ కేసు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

బయటి దేశాల్లో అంతా స్వేచ్ఛే అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. బ్రిటన్‌లో పేరును తలపించే నంబర్‌ను ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ స్వయంగా అమ్ముతుంది. కానీ ప్లేట్ చేసే దుకాణం ఆ సంస్థ దగ్గర నమోదై ఉండాలి. కొనేవాడు గుర్తింపు పత్రం, ఆ నంబర్ తనదే అన్న కాగితం చూపించాలి. అక్షరాల మధ్య ఖాళీ జరిపి పేరులా చదివిస్తే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడుతుంది.

2019 ఏప్రిల్‌కు ముందు కొన్న బండ్లకూ హై సెక్యూరిటీ ప్లేట్ వేయించుకోవాలని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. మొదట సెప్టెంబర్ 30 గడువుగా పెట్టింది. దేశీ టూవీలర్‌కు 320 నుంచి 380 రూపాయలు, కారుకు 590 నుంచి 700 వరకు ధర నిర్ణయించింది. బుకింగ్ వాహన తయారీదారుల సంఘం సియామ్ వెబ్‌సైట్ నుంచి చేసుకోవాలి. ఇప్పుడు గడువు ఎలా ఉందో రవాణా శాఖ సైట్‌లో చూసుకోవడం మంచిది.

బయట హై సెక్యూరిటీ ప్లేట్‌ను పోలిన నకిలీలూ దొరుకుతాయి. చూడగానే తేడా తెలియదు. లేజర్ కోడ్ దగ్గర వేలు పెట్టి చూడండి. అది రేకులో చెక్కి ఉండాలి, స్టిక్కర్‌గా కాదు. ముందు ప్లేట్ కోడ్, వెనక ప్లేట్ కోడ్ వేర్వేరుగా ఉండాలి. ప్లేట్ పోయినా విరిగినా రేడియం షాపులో కొత్తది చేయించుకోకూడదు. పోతే ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో మళ్లీ అధీకృత డీలర్ దగ్గరే ఆర్డర్ పెట్టాలి. మీ నంబర్ మీద ఎవరిదో చలాన్ వస్తే వెంటనే డబ్బు కట్టేయకండి. చలాన్ సైట్‌లోని ఫొటోలో బండి రంగు, మోడల్ చూసి, మీది కాదని తేలితే ఆర్సీ కాపీ జతచేసి ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు చేయండి.