మోరెల్ పుట్టగొడుగులకు తెల్లబూజు తెగులు

తేనెపట్టువంటి తలగల మోరెల్ పుట్టగొడుగును కాశ్మీరు, హిమాచల ప్రాంతములలో గుచ్చి అందురు. అక్కడివారు దీనిని ముఖ్యముగా అడవులలో ఏరి తెచ్చెదరు. చైనాలోని సిచువాన్ రైతులో, పొలములలోనే పండించుచున్నారు. చలికాలపు ఆరంభమున మడులలో విత్తనము చల్లి, కొలది దినములకు, ఆవిరిపట్టిన గోధుమల సంచులకు గాట్లు పెట్టి నేలపై బోర్లించెదరు. పుట్టగొడుగుకు అదే మేత. చలి తగ్గు దినములలో కోత.

మొదటి ఏట బాగుగ పండిన మడి రెండవ, మూడవ ఏట తగ్గుట కద్దు. తెగుళ్ల బూజులు నేలలో పెరుగుటయే ఇందుకొక ముఖ్య కారణము. వీనిలో తెల్లబూజు మిక్కిలి చెడ్డది. తలపై పిండి చల్లినట్లు మచ్చలు లేచి, వ్యాపించి, గొడుగు వంకరపోవును. ఫ్యుసేరియమ్ అను మరియొక బూజు కాడను కుళ్లించును. వేడి, తేమ హెచ్చి గాలి ఆడనిచో రెండును చెలరేగును. నేల వేడిమి 20 సెంటిగ్రేడు డిగ్రీలు దాటనీయరాదు.

మందు చల్లుదమా? పుట్టగొడుగు కూడ బూజు జాతిదే గదా! తెగులును చంపు మందు పంటను గూడ బాధించును. రోగపు గొడుగులను మెల్లగా తీసి దూరముగా పూడ్చవలెను.

మన మైదానముల వేడికి మోరెల్ సరిపడదు. అయినను సిచువాన్ రైతుల పద్ధతి ఒకటి తెలిసికొనదగినది. కోత కాగానే ఆ మడిలోనే వరి నాటి నీరు నిలుపుదురు. నీట మునిగిన నేలలో గాలి అందక ఈ బూజులు చాలవరకు క్షీణించును. నీటి వసతి లేనిచోట ఏటేట మడి మార్చుటయే మేలు.