ఫ్యాన్ సర్వీస్ ఎక్కువున్న యాక్షన్ యానిమే బ్లూరే కొనొచ్చా? ‘కిల్ లా కిల్’తో తేల్చి చూద్దాం

యానిమే డిస్క్ బాక్స్ మీద ‘అన్‌సెన్సార్డ్’ అన్న మాట కనబడితే చాలామంది ఇంకేమీ చూడరు. టీవీలో ఆవిరితోనో, తెల్లటి లైట్‌తోనో కప్పేసిన సీన్లు డిస్క్‌లో కప్పకుండా ఉంటాయని దాని అర్థం. కొన్ని సిరీస్‌లు ఈ ఒక్క తేడా మీదే డిస్క్‌లు అమ్ముకున్నాయి. కానీ స్ట్రీమింగ్‌లో చూడగలిగే సిరీస్‌కి మళ్ళీ వేలకు వేలు పెట్టాలంటే ఆ స్టిక్కర్ ఒక్కటే సరిపోతుందా?

ముందుగా, ఫ్యాన్ సర్వీస్ అంటే కథకి పెద్దగా అవసరం లేకపోయినా అభిమానుల కళ్ళ కోసం పెట్టే సీన్లు. చాలీచాలని బట్టలు, అదే పనిగా పెట్టిన కెమెరా యాంగిల్స్ వగైరా. మన కమర్షియల్ సినిమాల్లో ఐటమ్ సాంగ్ చేసే పని దాదాపు ఇదే. కాబట్టి టెస్ట్ కూడా మనకి తెలిసిందే: ఐటమ్ సాంగ్‌ని ఫార్వర్డ్ చేస్తే సినిమా మిగులుతుందా లేదా? డిస్క్ విషయంలో ఇంకో ప్రశ్న కలపాలి. ఆ మిగిలింది డిస్క్‌లో ఇంకా బాగా కనిపిస్తుందా?

ఈ రెండు ప్రశ్నలకీ కిల్ లా కిల్ మంచి ఉదాహరణ. 2013 అక్టోబర్ నుంచి 2014 మార్చి వరకు జపాన్ టీవీలో 24 ఎపిసోడ్‌లుగా వచ్చింది. స్టూడియో ట్రిగ్గర్ చేసిన మొదటి టీవీ సిరీస్ ఇదే. డైరెక్టర్ హిరోయుకి ఇమాయిషి, రైటర్ కజుకి నకాషిమా. గురెన్ లగాన్ చేసింది, తర్వాత 2019లో ప్రోమారే తీసింది కూడా ఈ జంటే. మ్యూజిక్ హిరోయుకి సవానో.

కథ ఇదీ. తండ్రిని చంపిందెవరో కనుక్కోవడానికి ర్యూకో మాతోయి అనే అమ్మాయి సగం కత్తెర పట్టుకుని హొన్నోజి అకాడమీకి వస్తుంది. అక్కడ స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్ సత్సుకి చెప్పిందే చట్టం. యూనిఫామ్‌లో ‘లైఫ్ ఫైబర్’ ఎంత ఉంటే అంత పవర్: ఒక స్టార్‌కి 10 శాతం, రెండుకి 20, మూడుకి 30. ర్యూకో వేసుకునే సెంకెత్సు మొత్తం ఆ ఫైబరే, పైగా మాట్లాడుతుంది కూడా. అది యుద్ధానికి మారినప్పుడు ఒంటి మీద బట్ట బాగా తగ్గిపోతుంది. ఫ్యాన్ సర్వీస్ గొడవంతా అక్కడ మొదలవుతుంది.

దీన్ని సమర్థించేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. ఈ కథలో అసలు శత్రువే బట్టలు. మనుషుల్ని తినేసే ఫైబర్ మీద పోరాడే గ్రూప్ పేరు న్యూడిస్ట్ బీచ్! జపనీస్‌లో ఫ్యాషన్, ఫాసిజం అనే మాటలు దగ్గరగా వినిపిస్తాయి. యూనిఫామ్‌కీ, ఆక్రమణకీ ‘సెయ్‌ఫుకు’ అనే ఒకే ఉచ్చారణ ఉంది. నకాషిమా ఈ మాటల ఆట మీదే కథ కట్టాడు. మూడో ఎపిసోడ్‌లో ర్యూకో సిగ్గుపడటం ఆపేశాకే సెంకెత్సు పూర్తి పవర్ బయటికొస్తుంది.

ఐడియా వరకు ఓకే. కానీ అక్కడితో సిగ్గు సమస్య తీరిపోయిందని కథ చెబుతున్నా, కెమెరా మాత్రం మారదు. ర్యూకో ఇక పట్టించుకోవట్లేదు, కెమెరా ఇంకా పట్టించుకుంటూనే ఉంటుంది. మాకో ఇంట్లో మగవాళ్ళు తొంగి చూసే జోక్ మొదటిసారే అంతంతమాత్రం, మళ్ళీ మళ్ళీ వస్తే చిరాకు. అన్నిటికంటే ముఖ్యం, కథలో ర్యూకో వయసు 17. థీమ్ ఎంత గొప్పదైనా ఈ విషయం మాసిపోదు. విలన్ రాగ్యో తన కూతురి పట్ల ప్రవర్తించే సీన్లు ఇంకా ఇబ్బందిగా ఉంటాయి. ఆవిడ ఎంత దుర్మార్గురాలో చూపడానికే పెట్టారు, అయినా ముందే తెలిసి ఉండటం మంచిది. హాల్లో టీవీ పెట్టుకుని ఇంట్లో అందరితో చూసే సిరీస్ కాదిది.

సో, ఫ్యాన్ సర్వీస్ వరకు నా లెక్కలో కిల్ లా కిల్ సగం పాస్, అంతే. మరి మిగిలింది?

మిగిలిందే ఎక్కువ. యానిమే సెకనుకి 24 ఫ్రేమ్‌లే అయినా ప్రతి ఫ్రేమ్‌కీ కొత్త బొమ్మ గీయరు. ఒక్కో బొమ్మని రెండు, మూడు ఫ్రేమ్‌ల పాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 లేదా 8 బొమ్మలు. ఇమాయిషి ఆ తక్కువతనాన్ని దాచడు, స్టైల్‌గా మార్చేస్తాడు. నాలుగో ఎపిసోడ్ చూడండి: మాకో స్కూల్‌కి లేట్ కాకుండా పరిగెత్తడమే కథ, బొమ్మలు కావాలనే చవకగా, అట్టముక్కలు కదిలినట్టు ఉంటాయి. గామాగోరి ఒక షాట్‌లో మామూలు మనిషి, ఇంకో షాట్‌లో బిల్డింగ్ సైజు. డిస్క్‌లో పాజ్ చేసి చూస్తే అది తప్పు కాదని, ఆ క్షణంలో ఎవరిది పైచేయో సైజుతోనే చెబుతున్నారని తెలుస్తుంది.

ఇక్కడే మన గ్యాడ్జెట్ బుర్రకి పని. ఈ సిరీస్‌లో పాత్రల పేర్లు, దెబ్బల పేర్లు స్క్రీన్ నిండా పెద్ద ఎర్ర అక్షరాల్లో పడతాయి. వీడియో కంప్రెషన్‌కి ఎరుపు పెద్ద పరీక్ష. మనం చూసే వీడియో దాదాపు అంతా 4:2:0 పద్ధతిలో ఉంటుంది: వెలుగు వివరం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు వివరం నాలుగు పిక్సెల్స్‌కి ఒక్కటే. ఎరుపులో వెలుగు వివరం తక్కువ కాబట్టి ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాల అంచులు చెదురుతాయి. బ్లూరే కూడా 4:2:0నే, మ్యాజిక్ ఏమీ లేదు. కానీ బ్లూరేలో వీడియోకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా వీలుంది, స్ట్రీమింగ్ అందులో చిన్న ముక్కతో సరిపెట్టుకుంటుంది. అందుకే స్ట్రీమ్‌లో చెదిరిన అంచు చుట్టూ బ్లాక్‌లు కూడా చేరతాయి. ఫోన్ స్క్రీన్ మీద ఇది మీకు తెలియకపోవచ్చు. 55 అంగుళాల టీవీ మీద తెలిసిపోతుంది.

యాక్షన్ యానిమే డిస్క్‌లో చూడాల్సిన ఇంకో విషయం మెరుపులు. 1997 డిసెంబర్‌లో పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు-నీలం ఫ్లాషింగ్ వల్ల జపాన్‌లో వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అప్పటి నుంచి అక్కడి టీవీలో వేగంగా మెరిసే సీన్లని డిమ్ చేయడం మామూలైంది. డిస్క్‌లో చాలా సిరీస్‌లకి ఆ డిమ్మింగ్ తీసేస్తారు. ఫైట్ సీన్ ప్రేమికులకి ఆవిరి తీసేయడం కంటే ఇదే పెద్ద లాభం అంటాను. ఫ్లాషింగ్ పడనివాళ్ళు మాత్రం జాగ్రత్త.

సౌండ్ సంగతి చెప్పాలంటే, సౌండ్‌బార్ ఉన్నవాళ్ళు 5.1 ఆశించకండి. టీవీ యానిమే ఎక్కువగా స్టీరియోనే. అయితే కంప్రెస్ చేయని స్టీరియో అంటే సెకనుకి దాదాపు 1.5 మెగాబిట్లు, సవానో కోరస్, డ్రమ్స్ కలిసి మోగినప్పుడు తేడా వినిపిస్తుంది. అలాగే టీవీలో మోషన్ స్మూతింగ్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. సెకనుకి 8 బొమ్మలు గీసిన చోట టీవీ తన సొంత బొమ్మలు కలిపితే ఇమాయిషి టైమింగ్ మొత్తం జావైపోతుంది.

కాబట్టి నా తీర్పు: ఫైట్లు, డిజైన్, మ్యూజిక్ కోసం అయితే కొనండి. స్టిక్కర్ కోసం అయితే వద్దు.

కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఇండియా బ్లూరే రీజియన్ సి. జపాన్, అమెరికా ఏ, యూకే బి. ఇక్కడ కొన్న ప్లేస్టేషన్‌లో వేరే రీజియన్‌కి లాక్ చేసిన సినిమా డిస్క్ ప్లే అవ్వదు. గేమ్‌లకి ఆ సమస్య లేదు కాబట్టి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బాక్స్ వెనక ఏ, బి, సి గుర్తు చూడండి, లేదా ఆల్ రీజియన్ ప్లేయర్ ఉంటేనే ఆర్డర్ పెట్టండి. జపాన్ డిస్క్‌ల్లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ సాధారణంగా ఉండవు. పైగా అక్కడ ఈ సిరీస్‌ని 9 వాల్యూములుగా అమ్మారు, అమెరికాలో 5. సెకండ్ హ్యాండ్‌లో ఒక్కో వాల్యూము విడిగా దొరికితే, చివరిది కూడా దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. టీవీలో రాని 25వ ఎపిసోడ్, అంటే గ్రాడ్యుయేషన్ రోజు కథ, ఉండేది అందులోనే.