నవ్వు రిహార్సల్లో పుట్టదు

పరిషత్తు పోటీల్లో కొత్త హాస్యనాటికలు వస్తూనే ఉన్నాయి. జనం పడీపడీ నవ్వుతూనే ఉన్నారు. మరి వాటిలో చాలావాటికి రెండో ఏడాది ఎందుకుండదు?

నాటక పోటీలు జరుగుతున్న ఏ ఊరికైనా వెళ్లి, రాత్రి తొమ్మిది గంటలప్పుడు హాల్లో కూర్చోండి. వృద్ధాశ్రమంలో తండ్రి కథ ఒకటి, అప్పులపాలైన రైతు కథ ఒకటి వరసగా పడ్డాయనుకోండి. తర్వాతది హాస్యనాటిక అని మైకులో చెప్పగానే బయట టీ తాగుతున్నవాళ్లు కూడా గబగబా లోపలికొచ్చేస్తారు. గంటసేపు హాలు ఘొల్లుమంటుంది. తీరా ఆఖరి రోజు బహుమతులు చదివేటప్పుడు చూస్తే, చాలాసార్లు ఉత్తమ ప్రదర్శన ఏడిపించినవాటిలో ఒకదానికి పోతుంది. నవ్వించినదానికి ఉత్తమ హాస్యనటుడు బహుమతి ఒక్కటి చేతిలో పెడతారు.

పోనీ నంది నాటకోత్సవాల విభాగాలు చూడండి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాలల నాటిక ఉన్నాయి. హాస్యానికంటూ వేరే గది లేదు. ఏడుపుతో పాటు ఒకే తక్కెడలో తూగాలి. తూచేవాళ్లకేమో 'సందేశం' కావాలి. అందుకే మన కొత్త హాస్యనాటికల్లో సగం, చివరి పది నిమిషాల్లో హఠాత్తుగా గొంతు మార్చేస్తాయి. అప్పటిదాకా నవ్వించిన తాతగారు ముందుకొచ్చి, లైటు తన మీద పడగానే సమాజానికి నాలుగు మంచి మాటలు చెబుతారు. జనం చప్పట్లు కొడతారు గానీ, అప్పటికే వాళ్ల మొహాల మీద నవ్వు ఆరిపోయి ఉంటుంది.

మొదలే నవ్వుతో

విచిత్రం ఏంటంటే, మన ఆధునిక నాటక ప్రదర్శన మొదలైందే నవ్వుతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' వేయించారు. కోర్టుల చుట్టూ జరిగే మోసాల మీద వ్యంగ్యం అది. జనం నోట్లో 'ప్లీడరు నాటకం' అయింది. రాసింది బడిపంతులు, వేసింది కుర్రాళ్లు, కథ ఆ ఊరి కోర్టు అరుగు మీద రోజూ జరిగేదే. ఇవాళ మనం స్థానిక నాటక సమాజం అంటున్నామే, దాని లక్షణాలన్నీ ఆనాడే ఉన్నాయి. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం కూడా.

తర్వాత గురజాడ. 'కన్యాశుల్కం' మొదట 1892లో విజయనగరంలో ఆడింది. 1897లో అచ్చయినప్పుడు అయిదు అంకాలు. గురజాడ దాన్ని అక్కడితో వదల్లేదు. తిరగరాసి, పెంచి, 1909లో ఏడు అంకాలతో మళ్లీ అచ్చు వేయించారు. ఈ రోజు మనం గిరీశం, మధురవాణి, రామప్ప పంతులు అని చెప్పుకుని నవ్వుకునేది ఈ రెండో కూర్పునే. అంటే మన భాషలో అతి గొప్ప హాస్యనాటకం, మొదట ఆడిన పదిహేడేళ్లకు గానీ తన పూర్తి రూపానికి రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

రాజమండ్రిలోనే మరో పంతులుగారు భమిడిపాటి కామేశ్వరరావు, ఫ్రెంచి నాటకకర్త మోలియర్‌ని తెచ్చి గోదావరి జిల్లా మాట నేర్పారు. హాస్యబ్రహ్మ అనిపించుకున్నారు. బెజవాడ నుంచి జంధ్యాల 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' లాంటి నాటకాలు రాసి, ఆ తర్వాతే సినిమాకి వెళ్లారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలేసిన కోట శ్రీనివాసరావు, ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలేసిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం, వీళ్లంతా ఆ చెక్కబల్లల మీద నవ్వించడం నేర్చుకుని వెండితెర మీద పండించినవాళ్లే.

డ్యూటీ దిగాక

ఇప్పటి సమాజాలూ అలాంటివాళ్లతోనే నడుస్తున్నాయి. టీచర్లు, బ్యాంకు క్లర్కులు, ఆర్టీసీ, రైల్వే ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఈ మధ్య మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లూ కొందరు. రిహార్సల్ ఏ బడి గదిలోనో, ఎవరింటి మేడ మీదో. రాత్రి ఎనిమిదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకు అందరూ చేరతారు. ఒకరికి నైట్ షిఫ్టు, ఒకరింట్లో చుట్టాలు. కుర్చీ వేసి అదే తలుపు అంటారు, రెండు బెంచీలు కలిపి అదే సోఫా అంటారు.

చాలా సమాజాల్లో స్త్రీ పాత్ర వేసే నటి బయటి ఊరు నుంచి రావాలి. ఆవిడ వృత్తి కళాకారిణి. అదే సీజన్లో నాలుగైదు సమాజాలకు ఆడుతూ ఉంటుంది. ఇక్కడ అత్తగారు, రేపు ఇంకో ఊళ్లో మంత్రిగారి భార్య. ప్రదర్శనకు ఒకటి రెండు రోజుల ముందొచ్చి, మాటలు అప్పజెప్పుకుని స్టేజి ఎక్కేస్తుంది. కరుణరసానికి ఇది కొంతవరకు చెల్లుతుంది. ఏడ్చే సన్నివేశంలో ఒకళ్లే బలంగా నిలబడగలిగితే బండి లాగొచ్చు. హాస్యం అలా కుదరదు. బంతి విసిరినవాడికి, పట్టుకున్నవాడికి మధ్య లెక్క కుదరాలి. భార్యాభర్తల దెబ్బలాటలో భర్త రెండు నెలలుగా సాధన చేసి, భార్య నిన్న సాయంత్రం బస్సు దిగితే, ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

ఇక ఖర్చు. నటికి పారితోషికం, మేకప్, లైట్లు, సంగీతం, సెట్టు సామాను, అందరికీ వ్యాను. పరిషత్తు వాళ్లు భోజనం, బస, కొంత ప్రదర్శన పారితోషికం ఇస్తారు. అది ఖర్చుకి సరిపోని ఊళ్లే ఎక్కువ. మిగతాది సమాజం పెద్ద జేబులోంచి. ప్రేక్షకుడికి మాత్రం టికెట్ లేదు.

నవ్వుకి ట్రయల్ కావాలి

నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడుంది. డబ్బుల కంటే, బహుమతుల కంటే పెద్ద చిక్కు ఇదే.

ఒక సన్నివేశం ఊహించుకుందాం. అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగు. లిఫ్టు పాడైంది. గ్రౌండ్ ఫ్లోర్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు "నేనెప్పుడూ లిఫ్టు ఎక్కలేదు, నేనెందుకివ్వాలి డబ్బులు?" అంటాడు. అయిదో అంతస్తు ఆవిడ తాపీగా, "సరే మాస్టారూ. లిఫ్టు మీది కాకపోతే మేడ మీద వాటర్ ట్యాంకూ మీది కాదు. రేపట్నించి నీళ్లు కిందే తోడుకోండి" అంటుంది. దానికి హెడ్మాస్టారు, "తోడుకునే పనిలేదమ్మా, ఇల్లు అమ్మేశాను" అంటాడు. కథ మలుపు తిరిగేది ఆ ఒక్క మాటతోనే.

రిహార్సల్లో ఇది చక్కగా ఉంటుంది. స్టేజి మీద ఏమవుతుందంటే, ట్యాంకు మాటకి హాలు గొల్లున నవ్వుతుంది. ఆ నవ్వులో "ఇల్లు అమ్మేశాను" కొట్టుకుపోతుంది. తర్వాత అరగంట కథ ఎవరికీ అర్థం కాదు. హెడ్మాస్టారు ఆగాలి. ఎంతసేపు? నవ్వు తగ్గుముఖం పట్టేదాకా, పూర్తిగా చల్లారకముందు. ఆ ఆగినంతసేపూ ఊరికే నిలబడకూడదు, దెబ్బ తిన్న మొహం జనానికి కనబడాలి. ఈ కొలత రచయిత కాగితం మీద రాయలేడు. దర్శకుడు మేడ మీద నేర్పలేడు. జనం నవ్వితేనే తెలుస్తుంది, ఊరు మారితే మళ్లీ మారుతుంది.

ఇంకో సంగతి, వినబడటం. మన హాళ్లలో చాలాచోట్ల స్టేజి అంచున నాలుగు మైకులు, పైన గిర్రున తిరిగే ఫ్యాన్లు. నటుడు పక్కకు తిరిగి నెమ్మదిగా అన్న చురక రెండో వరసకే చేరదు. కన్నీళ్లు దూరానికి కూడా కనబడతాయి. చమత్కారం చెవిన పడకపోతే లేనట్టే. అందుకే కొందరు ప్రతి మాటా అరిచి చెబుతారు. అరిస్తే చమత్కారం కాస్తా గోల అయిపోతుంది.

మా ఉద్యోగాల్లో ఒక సంగతి రోజూ చూస్తుంటాం. ప్రోగ్రాం రాసినవాళ్ల కంప్యూటర్లో అంతా బాగానే నడుస్తుంది. వాడేవాళ్ల చేతికి వెళ్లాకే ఎక్కడ ఆగుతుందో బయటపడుతుంది. సరిచేసి మళ్లీ ఇస్తాం, మళ్లీ చూస్తాం. హాస్యనాటికకి వాడేవాడంటే ప్రేక్షకుడే. మరి మన పద్ధతి ఏంటి? చాలా పరిషత్తులు కొత్త నాటికే కావాలంటాయి. తొలి ప్రదర్శనే పోటీ ప్రదర్శన అవుతుంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తుంటారు. బాగా ఆడితే ఆ సీజన్లో ఇంకొన్ని ఊళ్లు తిరుగుతుంది. బహుమతి రాకపోతే రెండు మూడు ప్రదర్శనలతో అటకెక్కుతుంది. వచ్చే ఏడాదికి మళ్లీ కొత్తది. కన్యాశుల్కానికి పదిహేడేళ్లు దొరికితే, మన కొత్త హాస్యానికి పది రాత్రులు కూడా దొరకడం లేదు.

టీవీ నవ్వు, స్టేజి నవ్వు

2013లో 'జబర్దస్త్' మొదలయ్యాక ఊళ్లలో ఒక మార్పు వచ్చింది. హాస్యం అంటే కొద్ది నిమిషాల స్కిట్టు, వరసగా పంచ్‌లు అనే అలవాటు పడింది. కుర్ర నటులు అదే వేగంతో వస్తున్నారు. భయం లేదు, టైమింగు ఉంది, శరీరం చురుగ్గా కదులుతుంది. అది మంచిదే. గంట నాటికకి మాత్రం అది చాలదు. నాలుగో పంచ్ తర్వాత మనిషి కావాలి. లిఫ్టుకి డబ్బులివ్వనన్న హెడ్మాస్టారు పిసినారి అని మొదట నవ్వాలి. ఇల్లెందుకు అమ్మాడో తెలిశాక, ఆ నవ్విన నోటితోనే అయ్యో అనుకోవాలి. అతను ఆఖర్లో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఇంటి తాళంచెవి అసోసియేషన్ బల్ల మీద పెట్టి వెళ్లిపోతే చాలు.

ఎవరి మీద నవ్వుతున్నాం?

పదేపదే ఆడటంలో ప్రమాదం కూడా ఉంది. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' రాసింది సంస్కరణ కోసం. అది దశాబ్దాల తరబడి వందల ఊళ్లలో ఆడింది. చప్పట్ల కోసం నటులు సొంత మాటలు కలుపుతూ పోయారు. సుబ్బిశెట్టి పాత్ర రానురాను ఒక కులాన్ని ఆడిపోసుకునే పాత్రలా తయారైందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఒక నాటకాన్ని పూర్తిగా ఆపేయడం సబబా అన్నది వేరే చర్చ. ప్రేక్షకుడి నవ్వే ఏకైక కొలబద్ద అయితే ఏమవుతుందో మాత్రం అందులో కనబడుతుంది.

కొత్త నాటికల్లో కులం పేరెత్తడానికి అందరూ జాగ్రత్త పడుతున్నారు. యాసల విషయంలో ఆ జాగ్రత్త ఇంకా రాలేదు. వాచ్‌మన్ అంటే ఉత్తరాంధ్ర యాస, రౌడీ అంటే సీమ యాస, పనిమనిషి అంటే ఇంకేదో యాస, డాక్టరుగారికి మాత్రం ఏ యాసా ఉండదు. నత్తి, చెవుడు, లావు ఇంకా సులువుగా దొరికే నవ్వులే. శ్రీకాకుళం మాట మాట్లాడే డాక్టరు, వరంగల్ మాట మాట్లాడే తెలివైన కోడలు హాస్యనాటికలో ఉంటే నవ్వు తగ్గుతుందా? యాసలో ఉన్న రుచి అలాగే ఉంటుంది. నవ్వేది మాత్రం ఆ మనిషి మీద కాకుండా, ఆ మనిషితో కలిసి.

ఏం చేయొచ్చు?

పెద్ద పథకాలేం అక్కర్లేదు. మొదటిది, పోటీకి ముందు రెండు మూడు మామూలు ప్రదర్శనలు. అపార్టుమెంటు సెల్లారు, కాలనీ కమ్యూనిటీ హాలు, కాలేజీ సెమినార్ హాలు, ఏదైనా చాలు. సెట్టు, మేకప్ లేకుండా ముప్ఫైమంది ముందు ఆడి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్లు తీశారో ఎవరో ఒకరు కాగితం మీద రాసుకుంటే రచయితకి అంతకంటే పనికొచ్చే విమర్శ ఉండదు.

రెండోది, పరిషత్తులు ఒక్క రాత్రిని పాత హాస్యనాటికలకు ఇవ్వాలి. గత నాలుగైదేళ్లలో జనాన్ని బాగా నవ్వించినవాటిని, బాగుచేసుకుని రమ్మని పిలవాలి. మార్కులొద్దు, పోటీ వద్దు.

మూడోది, వినాయక చవితి పందిళ్లు. ఒకప్పుడు నవరాత్రుల్లో పందిరి పక్కనే నాటకాలు పడేవి. ఇప్పుడు ఆ చోటు డీజే బాక్సులది. తొమ్మిది రాత్రుల్లో ఒక్క రాత్రి మీ ఊరి సమాజానికి ఇప్పించండి. చందాలు ఎలాగూ మీవే కాబట్టి కమిటీని అడగొచ్చు.

నాలుగోది మనం చేయాల్సింది. ఈసారి మీ ఊళ్లో పరిషత్తు బ్యానరు కనబడితే ఇంటిల్లిపాదీ వెళ్లండి. వెనక వరస వదిలేసి ముందుకొచ్చి కూర్చోండి. నవ్వొస్తే బిగబట్టుకోకుండా గట్టిగా నవ్వండి, రాకపోతే మర్యాద కోసం నవ్వకండి. ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్లండి. అక్కడ రంగు తుడుచుకుంటున్న హెడ్మాస్టారు మీకు తెలిసినాయనే అయి ఉండొచ్చు, మీ బ్యాంకులో పాస్‌బుక్ రాసిచ్చే ఆయన. ఏ మాట వినబడలేదో, ఎక్కడ ఇంకాస్త ఆగితే బాగుండేదో ఆయనకి చెప్పండి. రేపు రాత్రి ఇంకో ఊళ్లో ఆయన మళ్లీ ఆడాలి.