చింతగింజలతో సంత పాఠం

బస్తర్‌లో ఇప్పటికీ ఒక సంగతి చెప్పుకొంటారు. అడవిలో సారపప్పు ఏరి తెచ్చిన గిరిజనులు ఒకప్పుడు దాన్ని సంతలో ఇచ్చి, అంతే తూకం ఉప్పు పట్టుకెళ్ళేవారట. ఇవాళ మన కిరాణా కొట్లో ఆ రెండింటి ధరలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. "అంత అమాయకంగా ఎలా ఇచ్చేశారు?" అని తప్పకుండా అడుగుతారు.

అది అమాయకత్వం కాదు. బస్తర్‌కు సముద్రం లేదు. ఉప్పు కోస్తా నుంచి బంజారాల ఎడ్ల మీద అడవులు దాటి రావాలి. ఉప్పు లేకపోతే పూట గడవదు. సారపప్పుకు పట్నంలో ఏం ధర పలుకుతోందో చెప్పేవారు లేరు. ఉప్పు తెచ్చేవాడు ఒక్కడే అయితే బేరమాడే వీలూ లేదు. అవసరం, కొరత, పోటీ, సమాచారం అనే నాలుగు పాఠాలూ ఈ ఒక్క మార్పిడిలోనే ఉన్నాయి. పుస్తకంలో చదివితే ఇవి పరీక్ష దాకానే గుర్తుంటాయి. ఆడి చూస్తే అలా మరిచిపోరు.

ఆటకు పదిమంది పిల్లలు, కొన్ని చింతగింజలు, పది చీటీలు చాలు. గింజలనే సారపప్పు అనుకుందాం. అయిదుగురు అమ్మేవాళ్ళు, అయిదుగురు కొనేవాళ్ళు. అమ్మేవాళ్ళ చీటీల మీద 20, 30, 40, 50, 60 రూపాయలని రాయండి. అంతకు తక్కువకు వాళ్ళు అమ్మకూడదు. కొనేవాళ్ళ చీటీల మీద 40, 50, 60, 70, 80 అని రాయండి. అంతకు మించి వాళ్ళు పెట్టకూడదు. ఎవరి చీటీ వారే చూసుకోవాలి. ఒక్కొక్కరు ఒక్క బేరమే చేయాలి.

మొదటి విడతలో ఇద్దరిద్దరు పక్కకు వెళ్ళి గుసగుసగా బేరమాడతారు. అయ్యాక ధరలు బోర్డు మీద రాస్తే ఒకరు 25కే ఇచ్చేసి ఉండవచ్చు, మరొకరు 70 రాబట్టి ఉండవచ్చు. 25కు అమ్మిన పిల్ల ముఖం చూడండి. సరుకు ఒక్కటే, గది ఒక్కటే, ఆమెకు తెలియనిదల్లా పక్క బేరం సంగతి.

రెండో విడతలో అందరూ ధర బిగ్గరగా చెప్పాలి. కుదిరిన ప్రతి బేరం వెంటనే బోర్డు ఎక్కాలి. ఇలా రెండు మూడుసార్లు ఆడితే ధర 50 దగ్గరకు చేరుకుంటుంది. ఆ ధరకు అమ్మగలిగేవారు నలుగురు, కొనగలిగేవారూ నలుగురే. గిరాకీ, సరఫరా గీతలు కలిసే చోటు అదే. గీతలు గీయడం ఆ తర్వాత నేర్పితే సులభం.

ఇది నిజానికి పాత ఆటే. హార్వర్డ్ అధ్యాపకుడు ఎడ్వర్డ్ చాంబర్లిన్ తన తరగతిలో నడిపిన చాటుబేరాల సంత ఫలితాలను 1948లో ప్రచురించి, ధరలు చెల్లాచెదురు కావడాన్ని చూపించాడు. ఆ తరగతుల్లో చదివిన వెర్నన్ స్మిత్ తర్వాత తన విద్యార్థుల చేత ధరలు బహిరంగంగా చెప్పించాడు. అవి త్వరగా ఒక చోటికి చేరాయి. ఆయనకు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడో విడతలో కొనేవాళ్ళను ఒక్కరికి తగ్గించండి. ధర పడిపోతుంది. అప్పుడు మీరు సహకార సంఘంగా నిలబడి "45కు నేను కొంటాను" అనండి. ఇక 20 చీటీ ఉన్న పిల్ల 25కు ఇవ్వదు. ఆ వ్యాపారి కూడా 45కు పైన చెప్పక తప్పదు. కనీస మద్దతు ధర చేసే పని ఇదే. ఆంధ్రలో గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది ఇందుకే. అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో తెచ్చింది. అయితే సంఘం ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది, కొన్న సరుకు అమ్ముడుపోకపోతే ఏమవుతుంది అని కూడా పిల్లల్ని అడగండి. పథకాల కష్టం అక్కడే తెలుస్తుంది.

చివరగా ఒక లెక్క. ఛత్తీస్‌గఢ్‌లో 2024లో తునికాకు సేకరణ ధర స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలు. బ్యాగు అంటే వెయ్యి కట్టలు, కట్టకు 50 ఆకులు. అంటే ఆకుకు 11 పైసలు. పిల్లల చేత కాగితపు ఆకులు 50 లెక్కపెట్టించి, కట్ట కట్టించి, ఎంతసేపు పట్టిందో చూడమనండి. అయిదున్నర రూపాయల వెనక ఎంత పని ఉందో చేతులకే తెలుస్తుంది. అసలు ఆకు కోయడానికి మే నెల ఎండలో అడవికి నడవాలన్నది అప్పుడు చెప్పండి.

ఆడించేటప్పుడు ఒక్క జాగ్రత్త: జవాబు ముందే చెప్పకండి. నష్టపోయిన పిల్లే "ఎందుకిలా అయింది?" అని అడగాలి.

మన ఇళ్ళలో ఖాతాలు, వడ్డీలు రోజూ వినిపించే మాటలే. ఈసారి సెలవుల్లో కాలనీ పిల్లల్ని చేర్చి ఈ ఆట ఆడించండి. ఆ వారం సంతకు తీసుకెళ్ళి, ఒకే కూరగాయ ధర మూడు చోట్ల, పొద్దునా సాయంత్రమూ రాయించండి. పాఠశాలల్లో ఆర్థిక అక్షరాస్యత శిబిరాలకు వెళ్ళే మన సిబ్బంది కూడా, కరపత్రాలతో పాటు గుప్పెడు చింతగింజలు సంచిలో వేసుకుంటే మంచిది.